నీటిలో దాగిన పడవ: యు-505 కథ



జలాంతర్గామి అంటే నీటి లోపల తిరిగేది అని అర్థం. కాని రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన జలాంతర్గాములలో చాలావాటికి ఈ పేరు సగమే సరిపోతుంది. అవి నిజానికి నీటి మీద తిరిగే పడవలు. అవసరం పడితే కొన్ని గంటలపాటు మునిగి దాక్కోగలవు. ఆ పడవల బలమూ, బలహీనతా ఇందులోనే ఉన్నాయి. అదెలాగో యు-505 అనే ఒక్క పడవ కథతో తెలుసుకుందాం.

యు-505 హాంబర్గ్ నగరంలో తయారై 1941 ఆగస్టులో జర్మన్ నౌకాదళంలో చేరింది. పొడవు దాదాపు 77 మీటర్లు. మనుషులూ, యంత్రాలూ ఉండేది లోపలి గట్టి ఉక్కు గొట్టంలో. దాని చుట్టూ మరొక పలుచని తొడుగు. ఈ రెండింటి నడుమ ట్యాంకులు ఉంటాయి. వాటిలో గాలి ఉంటే పడవ తేలుతుంది. గాలిని వదిలి సముద్రపు నీటిని రానిస్తే మునుగుతుంది. ఖాళీ చెంబును నీళ్ళ తొట్టిలో ముంచితే బుడగలు వదులుతూ దిగిపోతుంది కదా, అలాగన్నమాట. మళ్ళీ పైకి రావాలంటే, సిలిండర్లలో అదిమి ఉంచిన గాలిని ట్యాంకుల్లోకి వదిలి నీటిని బయటికి నెట్టాలి.

మరి నడిచేది దేనితో? నీటి మీద ఉన్నప్పుడు రెండు డీజిల్ ఇంజన్లతో. డీజిల్ మండాలంటే గాలి కావాలి. నీటి అడుగున గాలి ఎక్కడిది? అందుకని అక్కడ బ్యాటరీలతో తిరిగే విద్యుత్ మోటార్లు వాడేవారు. బ్యాటరీల శక్తి అయిపోతే పైకి వచ్చి, డీజిల్ ఇంజన్లు నడిపి మళ్ళీ నింపుకోవాలి. విశాఖపట్నం బీచిలో 2002 నుంచి ప్రదర్శనగా ఉన్న కురుసుర జలాంతర్గామిని మీలో కొందరు చూసే ఉంటారు. రష్యావారు తర్వాతి కాలంలో కట్టిన ఆ నౌక కూడా ఈ డీజిల్, బ్యాటరీల పద్ధతిలో నడిచిందే.

ఇప్పుడు చిన్న లెక్క చూడండి. యు-505 నింపుకున్న ఇంధనంతో, నిదానంగా వెళితే, నీటి మీద సుమారు 25 వేల కిలోమీటర్లు పోగలదు. నీటి అడుగున మాత్రం ఒక్క విడతలో 120 కిలోమీటర్లు కూడా పోలేదు. అదీ గంటకు ఏడు కిలోమీటర్ల చొప్పున, అంటే సైకిలు మెల్లగా తొక్కే మనిషికన్నా తక్కువ వేగంతో. పదహారు గంటలు గడిచేసరికి బ్యాటరీలు అయిపోతాయి. తాబేలు ఊపిరికోసం తల పైకెత్తినట్టు అదీ పైకి రాక తప్పదు.

మొదట్లో దీనివల్ల ఇబ్బంది రాలేదు. 1942 మార్చి నుంచి నవంబరు వరకు ఆఫ్రికా పశ్చిమ తీరంలోనూ, కరీబియన్ సముద్రంలోనూ యు-505 ఎనిమిది నౌకలను ముంచింది. అవి యుద్ధనౌకలు కావు, సరుకు మోసే నౌకలు. అందులో ఒకటి కొలంబియా దేశపు చిన్న తెరచాప ఓడ.

ఆ తర్వాత కాలం తిరిగింది. రాడార్ అమర్చిన విమానాలు వచ్చాయి. చీకట్లో కూడా నీటి మీది పడవను పసిగట్టసాగాయి. 1942 నవంబరులో ట్రినిడాడ్ దగ్గర, నీటి మీద ఉన్న యు-505పై ఒక బ్రిటిష్ విమానం బాంబు వేసింది. బాంబు డెక్కు మీదే పేలింది. ఆ పేలుడుకు విమానమూ కూలి అందులోనివారంతా మరణించారు. తూట్లు పడిన పడవ ఎలాగో ఫ్రాన్సులోని లోరియాఁ రేవు చేరింది. అక్కడ మరమ్మతులకు నెలలు పట్టింది. బయలుదేరిన ప్రతిసారీ ఏదో ఒక లోపం బయటపడి వెనక్కి వచ్చేది. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఆ రేవులో ఫ్రెంచి పనివారు రహస్యంగా యంత్రాలను పాడుచేసేవారు. 1943 అక్టోబరులో, పైనుంచి డెప్త్ చార్జిలు పేలుతూండగా, కమాండరు పడవలోనే తన ప్రాణం తాను తీసుకున్నాడు. తర్వాతి అధికారి పడవను రేవుకు తెచ్చాడు. ఆ ఎనిమిది నౌకల తర్వాత యు-505 మరొక్క నౌకను కూడా ముంచలేదు.

1944 జూన్ 4న ఆఫ్రికా తీరానికి దూరంగా, కెప్టెన్ డేనియల్ గాలరీ నాయకత్వంలోని అమెరికన్ నౌకలు దాన్ని చుట్టుముట్టాయి. సోనార్‌తో ఆనవాలు పట్టి డెప్త్ చార్జిలు వేశాయి. దెబ్బతిన్న పడవ పైకి వచ్చింది. జర్మన్లు ముంచే ఏర్పాటుగా నీటి మార్గం తెరిచి సముద్రంలోకి దూకారు. అయితే గాలరీ ముందే ఆలోచించి పెట్టుకున్నది ముంచడం కాదు, పట్టుకోవడం. ఆల్బర్ట్ డేవిడ్ అనే అధికారి కొద్దిమందితో మునుగుతున్న పడవలోకి దిగాడు. వారు నీరు వస్తున్న మార్గాన్ని మూసివేశారు. ఎనిగ్మా సంకేత యంత్రాలూ, రహస్య లిపి పుస్తకాలూ చేజిక్కాయి.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. మరి రెండు రోజులలో నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సైన్యం దిగబోతోంది. పడవ పట్టుబడిందని తెలిస్తే జర్మన్లు వెంటనే లిపి మార్చేస్తారు. అప్పటికే వారి సందేశాలను చదువుతున్న మిత్రరాజ్యాలకు అది పెద్ద దెబ్బ. అందుకని పడవను గుట్టుగా బెర్ముడా దీవికి లాక్కుపోయారు. సుమారు మూడు వేలమంది అమెరికన్ నావికులు నోరు మెదపలేదు. జర్మన్ నావికులలో ఒకడు మరణించాడు. మిగిలిన 58 మందిని లూసియానా రాష్ట్రంలోని శిబిరంలో ఎవరికంటా పడకుండా ఉంచారు. ఇంటికి ఉత్తరం రాయనివ్వలేదు. వారు చనిపోయారనే కబురు జర్మనీలోని ఇళ్ళకు చేరింది. బతికున్న కొడుకుల కోసం తల్లులు ఏడ్చారు.

అయినా ఆ 58 మందీ అదృష్టవంతులనే చెప్పాలి. జర్మన్ జలాంతర్గాములలో పనిచేసిన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు తిరిగి రాలేదు. వారు ముంచిన నౌకలలో పోయినవారు కూడా వేలమంది.

1954 నుంచి యు-505 చికాగో నగరంలోని మ్యూజియంలో ఉంది. కనిపించకుండా ఉండడమే బలంగా బతికిన పడవను ఇప్పుడు పిల్లలు లోపలికి వెళ్ళి తాకి చూస్తున్నారు.