చిలక కొట్టిందా, గబ్బిలం కొరికిందా?

తెల్లవారి జామతోటలో కొరికిన పండు కనిపిస్తే నేరం గబ్బిలం మీద వేయడం మనకు అలవాటు. అదే చిలక కొట్టిందనుకుంటే, చిలక్కొట్టిన పండు తియ్యన అంటూ పిల్లలకు పెడతాం. ఈ రెంటి పనీ ఒకటి కాదు. తిన్నది ఎవరో తెలిస్తేనే ఏం చేయాలో తెలుస్తుంది.

రామచిలుక పగటి దొంగ. పొద్దు పొడిచేటప్పుడూ, పొద్దు వాలేటప్పుడూ గుంపుగా దిగుతుంది. పండేదాకా ఆగదు. పచ్చికాయనే వంకర ముక్కుతో చీల్చి, కాస్త తిని, మిగతాది పారేసి ఇంకో కాయ అందుకుంటుంది. తిన్నదానికన్నా పాడుచేసేదే ఎక్కువ. పాలుపోసుకునే జొన్నకంకి, పొద్దుతిరుగుడు పువ్వు దొరికితే దానికి పండుగే.

తోటల మీదికి వచ్చే పెద్ద గబ్బిలం సంగతి వేరు. అది పక్షి కాదు, పిల్లను కని పాలిచ్చే జంతువు. సాధారణంగా ఏడాదికి ఒకటే పిల్ల. రెక్కలు చాపితే నాలుగడుగులు. చిన్న గబ్బిలాల మాదిరి కూతపెట్టి, ప్రతిధ్వనితో దారి వెతుక్కోదు. కళ్లతో చూసి, వాసన పట్టి వస్తుంది. వాసన కొట్టేది పండిన పండే గదా! దాన్ని నమిలి రసం మింగి, పిప్పిని ఉండలుగా ఉమ్ముతుంది. చెట్టు కింద ఆ ఉండలుంటే వచ్చింది గబ్బిలమే. ఇప్ప, బూరుగు పూలకు రాత్రివేళ పుప్పొడి మోసేదీ, ఇప్ప గింజలను దూరం చేర్చేదీ ఇదే. ఆ జమ మనం ఎన్నడూ రాసుకోం.

కాబట్టి ఉపాయాలూ వేరే. మెరిసే రిబ్బను, మంచె, వడిసెల చిలకకు పనికొస్తాయి; చీకట్లో రిబ్బను మెరవదు. జామను రంగు తిరగగానే కోసేస్తే గబ్బిలానికి మిగిలేది తక్కువ. చిలక దగ్గర ఆ పాచిక పారదు, అది అంతకు ముందే వస్తుంది. కొద్ది చెట్లున్నవారు కాయలకు సంచులు కట్టండి. వల వేస్తే బిగించి కట్టాలి. వదులు వలలో రెండూ చిక్కి చస్తాయి. 1972 వన్యప్రాణి చట్టం పండ్ల గబ్బిలాలను హానికర జంతువుల పట్టికలో వేసింది గాని, 2022 సవరణతో ఆ పట్టికే పోయింది. చిలకను పట్టి పంజరంలో పెట్టడమూ నేరమే.

ఇక పిల్లల మాట. నీపా వైరసు ఈ గబ్బిలాలలో ఉంటుంది. 2018లో కోజికోడు ప్రాంతంలో ఆ జ్వరం పలువురి ప్రాణాలు తీసింది. బంగ్లాదేశంలో గబ్బిలాలు నాకిన పచ్చి ఈతరసం తాగినవారికి అది సోకింది. అందుచేత కొరికిన పండు, చిలకదే అనిపించినా సరే, ఎవరికీ పెట్టకండి. ఈతచెట్టు గీతమీదా, కుండమూతి మీదా తడిక కట్టించండి. కొరికి రాల్చిన పండ్లను పొద్దున్నే ఏరి గుంతలో పూడ్చండి, పశువులకు గూడా వేయవద్దు. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి.