ఇంటి కింది నీరు కదిలితే...

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలబెట్టుకోవడం గురించి వారు వేరే చెప్పలేదు. ఆ రోజుల్లో మన ఇళ్ళ కింద సొరంగాలు తవ్వేవారు కారు మరి! నేడు చెన్నై, బెంగుళూరు, ముంబయి నగరాల్లో ఎందరో తెలుగువారు నివసించే వీధుల కిందుగా మెట్రో మార్గాలు పోతున్నాయి. చెన్నై మెట్రో రెండవ దశలో ఒక మార్గం పెరంబూరు, పురసవాక్కం, మైలాపూరు ప్రాంతాల్లో భూగర్భంలోనే సాగుతుంది. అందువల్ల కలకత్తావారి అనుభవం మనం కూడా తెలుసుకోదగ్గది.

కలకత్తా ఈస్ట్-వెస్ట్ మెట్రో కోసం 2017లో హుగ్లీ నది అడుగున సుమారు 520 మీటర్ల పొడవున జంట సొరంగాలు క్షేమంగా తవ్వారు. నదిని దాటడమే పెద్ద గండం అనుకుంటాం. అసలు గండం ఊరి నడుమ ఎదురయింది. బౌబజారు బంగారు పనివారికి పేరుబడ్డ పాత పేట. 2019 ఆగస్టు 31న అక్కడ తవ్వకపు యంత్రం భూమిలోని నీటి పొరను తాకింది. నీటితోపాటు ఇసుక, మట్టి సొరంగంలోకి దూసుకువచ్చాయి. పైన దుర్గా పితూరి లేన్, స్యాక్రాపాడా లేన్‌లలో ఇళ్ళు బీటలు వారాయి, కొన్ని కూలిపోయాయి. వందలాది మందిని హోటళ్ళకు తరలించారు. 2022 మే నెలలో ఒకసారి, అక్టోబరులో మరొకసారి నీరు ఊరి, ఆ చుట్టుపక్కల మళ్ళీ ఇళ్ళు పగుళ్ళిచ్చాయి. ఆ మార్గం మొత్తం 2025 ఆగస్టు 22న గాని ప్రారంభం కాలేదు.

సొరంగం ఎక్కడో లోతున ఉంటే పైన ఇల్లు ఎందుకు కుంగాలి? మట్టి రేణువుల సందుల్లో ఉన్న నీరు కూడా పైబరువులో కొంత మోస్తుంది. ఆ నీటిని తోడేస్తే బరువంతా రేణువుల మీదే పడి అవి దగ్గరగా ఒత్తుకుంటాయి, నేల దిగుతుంది. బంకమట్టిలో ఇది నెలల తరబడి మెల్లగా జరుగుతుంది. ఇసుక నేలలో అయితే, పారే నీరు ఇసుకను వెంట తీసుకుపోయి గంటల్లోనే కింద బోలు ఏర్పరుస్తుంది. ఇల్లంతా సమంగా దిగితే నష్టం తక్కువ. ఒక మూల ఎక్కువగా దిగితేనే గోడలు చీలుతాయి. తలుపులు, కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్ళు అందుకు గుర్తు.

దీనికి ఇంజనీర్ల వద్ద ఉపాయాలు లేకపోలేదు. తవ్వకం చుట్టూ నీరు చొరని లోతైన కాంక్రీటు గోడ కడతారు. వదులు నేలలోకి సిమెంటు పాలు ఎక్కించి గట్టిపరుస్తారు. తోడిన నీటిని బావుల ద్వారా తిరిగి భూమిలోకి పంపి, ఇళ్ళ కింద నీటిమట్టం పడిపోకుండా చూస్తారు. చుట్టుపక్కల భవనాలకు గుర్తులు అమర్చి ఎంత దిగాయో, ఎంత ఒరిగాయో కొలుస్తారు. హద్దు దాటితే పని ఆపాలి. అయితే గోడలో ఒక్కచోట లోపమున్నా చాలు. జర్మనీలోని కొలోన్ నగరంలో 2009 మార్చి 3న భూగర్భ రైలు పనుల పక్కనే ఉన్న నగర పత్రభాండాగారం కూలిపోయింది. పక్క ఇళ్ళు కూడా కూలి ఇద్దరు మరణించారు. అక్కడి భూగర్భ గోడలోని లోపం గుండా మట్టి, నీరు చొరబడడమే కారణమని తేలింది.

ఇక గృహస్థు చేయవలసింది చూద్దాం. బ్యాంకు ఉద్యోగంలో ఇళ్ళ దస్తావేజులు తిరగేసే అలవాటుతో చెబుతున్నాను: తేదీ ఉన్న కాగితమే మనకు బలం. పని మొదలుకాకముందే ఇంటి స్థితిని పరిశీలించి నమోదు చేయమని నిర్మాణ సంస్థను వ్రాతపూర్వకంగా కోరండి. ఆ నివేదిక నకలు మీ దగ్గర ఉండాలి. మీరూ ప్రతి గోడకు, పైకప్పుకు తేదీ పడేలా ఫోటోలు తీసుకోండి. పాత పగుళ్ళ పక్కన స్కేలు పెట్టి తీయండి. పగులుకు అడ్డంగా సన్నని గాజుపట్టీ అతికించండి. గాజు విరిగితే పగులు కదిలినట్లే. పెరట్లో బావి ఉంటే వారానికొకసారి నీటిమట్టం కొలిచి పుస్తకంలో వ్రాయండి. కొత్త పగులు కనిపిస్తే పూడ్చి సున్నం వేయడానికి ముందే ఫిర్యాదు చేసి రసీదు పుచ్చుకోండి.

బీమా ఉందిగా అని నిశ్చింతగా ఉండరాదు. 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో నేల కుంగడానికి రక్షణ ఉన్నది. కాని నిర్మాణం వల్ల గాని, తవ్వకాల వల్ల గాని నేల కుంగితే ఆ రక్షణ వర్తించదని మినహాయింపు కూడా అందులోనే ఉన్నది. కనుక అటువంటి నష్టానికి పరిహారం పని చేయించేవారి నుంచే రాబట్టుకోవాలి. అప్పుడు పగులు పాతదా, కొత్తదా అన్న ప్రశ్న రానే వస్తుంది. దానికి జవాబు మీ ఫోటోలే చెప్పాలి.

దస్తావేజులు, పన్ను రసీదులు, గుర్తింపు కార్డుల నకళ్ళు మరో చోట కూడా భద్రపరచండి. బౌబజారులో ఇళ్ళు ఖాళీ చేసినవారికి సామాను తెచ్చుకునేందుకు తర్వాత కొద్ది నిమిషాలే అవకాశం దొరికింది. తలుపులు ఉన్నట్టుండి బిగుసుకున్నా, పగుళ్ళు చూస్తుండగానే పెరిగినా వెంటనే బయటకు వచ్చేయాలి. ఏ కాగితమూ ప్రాణం కన్నా ఎక్కువ కాదు.

పిల్లలు దూరదేశాల్లో ఉండి ఒంటరిగా ఉంటున్న వృద్ధ దంపతులు మన సంఘంలో ఎందరో ఉన్నారు. ఈ ఫోటోలు, ఉత్తరాలు వారికి శ్రమే. మెట్రో మార్గం పక్కన ఉన్న అటువంటి ఇళ్ళకు మన యువకులు ఒక ఆదివారం వెళ్ళి ఈ పని చేసిపెడితే, సంఘం పేరుకు తగిన సేవ అవుతుంది.