చెరువు మనదైతే పని ఎవరిది?

కడప ప్రాంతంలోని పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన పెద్ద చెరువు గురించిన శాసనం అది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోసే వంద బండ్లు పనిచేస్తే రెండేళ్లకు చెరువు పూర్తయిందని అందులో రాశారు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ కూడా వరుసగా చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం, నేల ఉప్పునేల కావడం, చెరువు నడుమ మిట్ట ఉండటం, కొద్ది నీటికి పెద్ద ఆయకట్టు ఉండటం, ఎక్కువ నీటికి చిన్న ఆయకట్టు ఉండటం - ఈ ఐదూ నేలకూ నీటికీ సంబంధించినవి. మిగిలినది మనుషులకు సంబంధించినది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదు.

ఆ దోషం ఎందుకు చెప్పారో ఊహించడం కష్టం కాదు. ఇద్దరికీ హక్కున్న చెరువును బాగుచేయడానికి ఎవరూ ముందుకు రారు. ఆ రాజ్యాలు పోయినా ఈ దోషం పోలేదు. మన ఊళ్లలో చెరువులు చెడిపోవడానికి అదే పెద్ద కారణం. ఎలాగో అర్థం కావాలంటే ముందు చెరువు పనిచేసే తీరు తెలియాలి.

చెరువు ఎలా పనిచేస్తుంది?

వాన పడినప్పుడు ఎగువ నేలల నీరంతా వాగులు, కాలువల గుండా పల్లానికి చేరుతుంది. ఆ పల్లానికి అడ్డంగా వేసిన మట్టిగోడే కట్ట. కట్ట అడుగున ఉండే తూము తెరిస్తే నీరు ఆయకట్టు పొలాలకు పారుతుంది. చెరువు నిండాక మిగిలిన నీరు పోయే దారి అలుగు. దీన్నే కొన్నిచోట్ల మత్తడి అనీ, కలుజు అనీ, మరవ అనీ అంటారు. అలుగు మీదుగా పోయిన నీరు వృథా కాదు, కింది ఊరి చెరువుకు చేరుతుంది. ఇలా ఒకదాని కింద ఒకటిగా ఉండేవే గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల కాలంలో ఓరుగల్లు చుట్టూ ఈ పద్ధతి బాగా విస్తరించింది. ఆ కాలపు రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల కింద నేటికీ పంట పండుతోంది.

గొలుసుకట్టు వల్ల ఒక ఊరి బాధ్యత మరో ఊరి బతుకుతో ముడిపడి ఉంటుంది. ఎగువ కాలువను ఎవరో పూడ్చేస్తే దిగువ చెరువు ఎండుతుంది. ఎగువ కట్ట తెగితే ఆ ఉధృతికి కింది కట్టలు కూడా ఒకదాని వెంట ఒకటి తెగవచ్చు. పొలాలకు పారే నీటితో పాటు నేలలోకి ఇంకే నీరు కూడా ముఖ్యమే. చెరువు నిండిన ఏడాది చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో నీళ్లు పైకి వస్తాయి.

ఏటా తప్పని పనులు

చెరువు ఒకసారి కట్టి వదిలేస్తే నిలిచేది కాదు. ప్రతి వరదా మట్టిని తెచ్చి అడుగున పేరుస్తుంది. ఒక ఎకరం మేర ఒక అడుగు లోతున నిలిచే నీరు 12 లక్షల లీటర్లకు పైమాటే. నూరెకరాల చెరువులో ఒక్క అడుగు పూడిక పేరుకుందంటే 12 కోట్ల లీటర్ల చోటు పోయినట్టే. అందుకే వేసవిలో చెరువు ఎండగానే పూడిక తీయాలి. మృగశిర కార్తె వచ్చేలోగా నీరు తెచ్చే కాలువల్లోని ముళ్లపొదలు కొట్టేయాలి. కట్ట మీద మొలిచిన తుమ్మ మొక్కలను చిన్నప్పుడే పీకేయాలి. చెట్టు పెరిగి చచ్చాక వేరు కుళ్లితే, ఆ ఖాళీలోంచి నీరు దారి చేసుకుంటుంది. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలు పూడ్చాలి. తూము తలుపు, అలుగు రాళ్లు చూసుకోవాలి. వీటిలో ఏదీ గొప్ప ఇంజనీరింగ్ పని కాదు. కానీ ఏ ఒక్కటి మానేసినా, ఆ లోపం పెద్ద వాన పడినరోజు బయటపడుతుంది.

ఈ పనులకు పాతరోజుల్లో ఒక ఏర్పాటు ఉండేది. తూము తెరిచి వంతు ప్రకారం నీరు పారించడానికి నీరటి ఉండేవాడు. కొన్ని ప్రాంతాల్లో అతన్ని నీరుగంటి అంటారు. పంట నూర్చినప్పుడు కళ్లం దగ్గరే రైతులు అతనికి ధాన్యం కొలిచేవారు. చెరువు బాగోగులు చూసేవారికి దశబంధం పేరుతో మాన్యం భూములు ఉండేవి.

అయితే ఆ ఏర్పాటును పొగిడి ఊరుకోవడం న్యాయం కాదు. సెంటు భూమి లేనివారితో వెట్టిగా మట్టి మోయించిన రోజులవి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో వచ్చిన చట్టం ఊరివారితో బలవంతంగా కట్ట పని చేయించే అధికారాన్ని కూడా ఇచ్చింది. ఆ కాలం నుంచి మనం తీసుకోవలసింది ఏటా తప్పకుండా పని జరగాలన్న నియమం. వదిలేయవలసింది బలవంతం. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం అదే పూడిక పనికి కూలి ఇచ్చే దారి చూపింది. చెరువు పనికి గౌరవం రావాలంటే కూలి ఉండాలి, నిర్ణయంలో అందరికీ మాట ఉండాలి.

ఒక చెరువు, ఎన్ని రాజ్యాలు?

ఇప్పుడు పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషాన్ని మన చెరువుకు వర్తింపజేసి చూద్దాం. కట్ట, తూము నీటిపారుదల శాఖ చూస్తుంది. చెరువులో నీరు నిలిచే నేల, అంటే శిఖం భూమి, రికార్డు రెవెన్యూ శాఖ దగ్గర ఉంటుంది. చేపలు మత్స్యశాఖకూ మత్స్యకారుల సంఘానికీ చెందుతాయి. చుట్టూ ఇళ్ల మురుగు పంచాయతీదో మునిసిపాలిటీదో అవుతుంది. కట్టకు గండిపడితే ఒక కార్యాలయం, గట్టున మట్టి పోస్తే మరొకటి, చేపలు చస్తే ఇంకొకటి. బోర్లు వచ్చాక చాలామంది రైతులకు కూడా చెరువుతో రోజువారీ అవసరం తగ్గింది. తూము దగ్గర కలుసుకునే అలవాటు పోయాక, కాలువ పూడిన సంగతి చెప్పేవారు కరువయ్యారు.

దీన్ని సరిదిద్దే ప్రయత్నాలు జరిగాయి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి సాగునీటి సంఘాలకు బాధ్యత ఇచ్చింది. అందులో కేంద్రస్థానం ఆయకట్టు రైతులదే. చెరువు మీద బతికే మత్స్యకారులు, రజకులు, పశువుల కాపరులు పక్కనే ఉండిపోయారు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను గుర్తించి దశలవారీగా బాగుచేతకు దిగింది. అందులో మనం నేర్చుకోదగ్గ ఏర్పాటు ఒకటుంది. పూడిక తవ్వే ఖర్చు ప్రభుత్వానిది, ఆ మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. చెరువు మట్టిలో బంకమన్ను, కుళ్లిన ఆకులలముల సారం ఉంటాయి. ఎర్రనేలలో వేస్తే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఎరువు ఖర్చు తగ్గుతుంది. రైతు తన పొలం కోసం చేసిన పని ఊరి చెరువుకూ మేలు చేసింది. కానీ మట్టి మాత్రం ఏటా వచ్చి చేరుతూనే ఉంటుంది. పథకానికి ముగింపు ఉంటుంది, పూడికకు ఉండదు.

పట్నంలో ఉన్నవారి వంతు

పట్నాల్లో చెరువు ఒక్కరోజులో మాయం కాదు. మొదట ఎవరో ఇల్లు పడగొట్టిన రాళ్లూరప్పలూ తెచ్చి గట్టున పోస్తారు. తర్వాత రేకుల షెడ్డు లేస్తుంది. ఆ తర్వాత ప్లాట్ల బోర్డు వస్తుంది. కాబట్టి మొదటి ట్రాక్టరు మట్టి పడినరోజే ఫొటో తీసి, తేదీతో సహా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడం విలువైన పౌరధర్మం. మూడో అంతస్తు లేచాక చేసే ఫిర్యాదు ఎన్నో కుటుంబాల గూడుతో ముడిపడుతుంది. 2012 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. ప్లాటు కొనేముందు పూర్తిస్థాయి నీటిమట్టం గీత ఎక్కడుందో అడిగి చూసుకుంటే మన డబ్బూ నిలుస్తుంది, చెరువూ నిలుస్తుంది.

ఇంటి నుంచి పోయే నీరు రెండో సంగతి. మురుగులోని పోషకాలు గుర్రపుడెక్కకు మంచి ఎరువు. అది నీటిని కప్పేస్తే లోపలికి వెలుగు అందదు, నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలు చస్తాయి. వాననీటి కాలువలో మురుగు గొట్టం కలపకుండా ఉండటం, అపార్టుమెంటులో మురుగుశుద్ధి యంత్రం నిజంగా నడుస్తోందా అని సమావేశంలో అడగడం మన చేతిలో పనులే. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్లకు పైగా నీరు వస్తుంది. దాన్ని ఇంకుడుగుంతకు మళ్లిస్తే వీధి మునగడమూ తగ్గుతుంది, బోరుకూ ఊట వస్తుంది.

పండగలూ చెరువుతో ముడిపడినవే. బతుకమ్మలో పేర్చే తంగేడు, గునుగు పూలు నీటిలో కలిసిపోతాయి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వినాయకుడు అలా కరగడు, దాని రంగులూ నీటికి చేటు. మట్టి విగ్రహం ఎంచుకోవడం, పూలతో తెచ్చిన ప్లాస్టిక్ సంచిని తిరిగి ఇంటికి తీసుకెళ్లడం భక్తిలో భాగమే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

రాజ్యాంగంలోని 51ఏ అధికరణ అడవులు, నదులతో పాటు చెరువులను కాపాడటం ప్రతి పౌరుడి విధి అని పేరుపెట్టి చెబుతోంది. ఊరుమ్మడి నేలల ఆక్రమణలు తొలగించాలని 2011లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. చెరువు విస్తీర్ణం, హద్దులు, నీరు తెచ్చే కాలువల పటం కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు.

ముందుగా ఆ పటం తెచ్చుకోండి. వేసవిలో నలుగురైదుగురు కలిసి దాన్ని చేతపట్టుకుని చెరువు చుట్టూ తిరగండి. వారిలో ఒక రైతు, ఒక మత్స్యకారుడు, ఒక మహిళా సంఘం సభ్యురాలు, బడి పిల్లలు ఉంటే మరీ మంచిది. కాలువ ఎక్కడ పూడిందో, కట్ట ఎక్కడ కుంగిందో, మురుగు ఎక్కడ కలుస్తోందో రాసుకోండి. మీ చేతులతో అయ్యే పనులు చేయండి. కానివాటిని గ్రామసభలోనో వార్డు కార్యాలయంలోనో ఇచ్చి రసీదు తీసుకోండి. మరుసటి ఏడాది అదే జాబితాతో మళ్లీ తిరగండి.

పెద్ద మరమ్మతులకు డబ్బు, యంత్రాలు ప్రభుత్వమే ఇవ్వాలి, అడిగి తీసుకోవడం మన హక్కు. కానీ ఏటా వెళ్లి చూసే కన్నును ఏ శాఖా మనకు మంజూరు చేయలేదు. ఆ చూపు లేకపోతే వచ్చిన నిధులు కూడా పూడికలోనే కలుస్తాయి. అందుకే చెరువు విషయంలో మొదటి వంతు మనది.