లేజర్ చుక్క పడిన చోటే తూటా తగులుతుందా?

పుదుచ్చేరిలో ఎన్‌సీసీ కేడెట్లు .22 రైఫిల్‌తో గురి నేర్చుకునేటప్పుడు, తూటా నడిమధ్యన తగిలిందా అన్నది మొదటి ప్రశ్న కాదు. పేల్చిన ఐదు తూటాలూ ఒకేచోట గుమిగూడాయా అన్నదే ముఖ్యం. దీన్ని గ్రూపింగ్ అంటారు. గుంపు చిన్నగా ఉండి మధ్యకు ఎడమగా పడిందంటే, సాధారణంగా సరిచేయాల్సింది సైట్‌ని. వెనక సైట్‌ను కుడికి జరిపితే గుంపు కూడా కుడికి వస్తుంది. గుంపే చెదిరిపోతే చాలాసార్లు లోపం ఊపిరిలోనో, ట్రిగ్గర్ నొక్కిన వేలిలోనో ఉంటుంది. అప్పుడు స్క్రూలు తిప్పితే గందరగోళం పెరగడమే తప్ప తరగదు.

లేజర్ బిగిస్తే ఈ తంటా అంతా తప్పుతుందని చాలామంది అనుకుంటారు. చుక్క ఎక్కడుంటే తూటా అక్కడికే వెళ్తుంది కదా అని! కానీ లేజర్ కిరణం తిన్నగా పోతుంది, తూటా పోదు. సెకనుకు 320 మీటర్ల వేగంతో వెళ్లే .22 తూటా 25 మీటర్లు దాటేసరికి సుమారు 3 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 50 మీటర్లకు 6 కాదు, 12 సెంటీమీటర్లు. దూరం రెట్టింపైతే ప్రయాణ సమయం రెట్టింపవుతుంది, దిగుడు నాలుగు రెట్లవుతుంది.

పైగా లేజర్ ఉండేది బ్యారెల్‌ లోపల కాదు, దానికి పైనో కిందో కొన్ని సెంటీమీటర్ల ఎడంలో. అందుకే దాన్ని కాస్త వంచి బిగించి, కిరణమూ తూటా దారీ కోరుకున్న దూరంలో కలిసేలా చేస్తారు. అంటే 25 మీటర్లకు సరిచేసిన గురి 50 మీటర్లకు సరిపోదు. బ్యారెల్‌లో అమర్చే లేజర్ పరికరాలు ఉన్నాయి గానీ, వాటి పని మొదటి తూటా కాగితం మీద పడేలా చూడటం వరకే. పేల్చినప్పుడు బ్యారెల్ ఎలా కంపిస్తుందో, ఆ తూటా ఎంత వేగంతో వెళ్తుందో కాంతికి తెలియదు. అసలు లెక్క తేలాలంటే తూటాలు పేల్చి చూడాల్సిందే.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టెలిస్కోప్ ఉండదు. ముందొక వలయం, వెనకొక సన్నని రంధ్రం, అంతే. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ ఈ కొద్ది దూరంలోనే దాదాపు 17 మిల్లీమీటర్లు దిగుతుంది. సైట్ దాన్ని సర్దుబాటు చేయకపోతే, ఎంత నిక్కచ్చిగా గురిపెట్టినా వచ్చేది 4 పాయింట్లే.

2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్‌కు ముందు అభినవ్ బింద్రా పేల్చిన పరీక్ష షాట్‌కు వచ్చింది కూడా 4 పాయింట్లే. అంటే పెల్లెట్ మధ్య నుంచి సుమారు 16 మిల్లీమీటర్లు పక్కకు పోయింది. రెండు సైట్ల మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకుంటే, వెనక సైట్ 1.3 మిల్లీమీటర్లు కదిలినా చాలు, ఇంత తేడా వస్తుంది. ఉన్న కొద్ది నిమిషాల్లోనే ఆయన సైట్ సరిచేసుకుని, 700.5 పాయింట్లతో స్వర్ణం గెలిచారు.

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో 701.1తో కాంస్యం సాధించారు. రజతం 701.5కు దక్కింది. ఈ పోటీలో 0.1 పాయింటు అంటే పావు మిల్లీమీటరు. లెక్కిస్తే డెబ్బై షాట్ల తర్వాత ఇద్దరి మధ్య తేడా ఒక్క మిల్లీమీటరు!

అదే లండన్‌లో మోడర్న్ పెంటాథ్లాన్ క్రీడాకారులు పెల్లెట్లు మానేసి లేజర్ పిస్తోళ్లు పట్టుకున్నారు. 10 మీటర్లు దాటడానికి కాంతికి పట్టేది సెకనులో 3 కోట్లవ వంతు. గురుత్వాకర్షణకు కాంతి కూడా లోబడుతుంది గానీ, ఆ కాస్త సమయంలో అది దిగేది ఒక పరమాణు కేంద్రకం వెడల్పంత. అక్కడ దిగుడు లెక్క అక్కర్లేదు. చెయ్యి వణికితే మాత్రం లేజరైనా గురి తప్పుతుంది.