ముంజేతి మీది అంకెలు

తాతయ్య ముంజేతిమీద నీలం రంగులో వరసగా కొన్ని అంకెలు ఉంటాయి. పచ్చబొట్టు. టీవీలో యుద్ధకాలం నాటి దృశ్యాలు వస్తే చాలు... ఆయన పూనకం వచ్చినవాడిలా పిడికిలి బిగించి కేకలు పెడతాడు. ఆ అంకెలంటే తాతయ్యకి ఇష్టమేమో అనుకుంది చిన్నారి హన్నా. ఓరోజు బాల్‌పెన్నుతో తన చేతిమీద కూడా అలాంటి నంబరే రాసుకుని మురిపెంగా వెళ్లి చూపించింది. దగ్గరకు తీసుకుంటాడనుకున్న తాతయ్య గుండెలదిరేలా అరిచాడు. ఆ అరుపు ఆ పిల్ల మనసులో అలాగే ఉండిపోయింది.

అమెరికన్ రచయిత్రి జేన్ యోలెన్ 1988లో రాసిన 'ది డెవిల్స్ అరిథ్మెటిక్' నవలలోది ఈ సంఘటన. 'సైతాను లెక్కలు' అనుకోవచ్చు మనం. ఎదిగే పిల్లల కోసం రాసిన చిన్న పుస్తకమిది. 1999లో కిర్‌స్టెన్ డన్‌స్ట్ హన్నాగా టీవీ సినిమా కూడా వచ్చింది. కాలంలో వెనక్కి వెళ్లే కథే కానీ ఇందులో యంత్రాల్లేవు, మీటల్లేవు. ఉన్నది ఒక తలుపు!

తలుపు అవతల...

న్యూరోషెల్‌లో ఉండే హన్నాకి పదమూడేళ్లు నిండబోతున్నాయి. పస్కా పండగకి అమ్మానాన్నలతో, తమ్ముడితో కలిసి న్యూయార్క్ బ్రాంక్స్‌లోని తాతయ్య ఇంటికి వెళ్లడం ఆమెకి సుతరామూ ఇష్టం లేదు. ఏటా అదే విందు, అవే పాటలు, పోయినవాళ్ల గురించి అవే మాటలు. గుర్తుచేసుకోవడమంటేనే విసుగొచ్చేసింది. ఆ మాట తల్లికి మొహమ్మీదే చెప్పేస్తుంది. మన ఇళ్లలో మాత్రం... పెద్దవాళ్లు 'మా రోజుల్లో' అని మొదలుపెట్టగానే పిల్లలు రిమోట్ వెతుక్కోరూ!

పస్కా విందు మధ్యలో ఏలీయా ప్రవక్త కోసం వీధి తలుపు తీసి ఉంచడం యూదుల ఆచారం. ఆ ఏడాది ఆ పని హన్నాకి అప్పగించారు. తీసింది. అవతల అపార్ట్‌మెంటు వరండా ఉండాలి కదా... పచ్చటి పొలం కనిపించింది! అది పోలండ్. సంవత్సరం 1942. అక్కడ అందరూ ఆమెను ఖాయా అంటున్నారు. ఆ పేరుకి జీవం అని అర్థం. లూబ్లిన్‌లో కలరా సోకి తల్లిదండ్రులు పోయారట. బతికి బయటపడిన ఈ పిల్లని బంధువులైన గిట్ల్, ష్ముయెల్ అనే తోబుట్టువులు తెచ్చి పెంచుకుంటున్నారట. న్యూరోషెల్ అంటూ ఆమె ఏం చెప్పినా వాళ్లకి జ్వరం తాలూకు పలవరింతే.

మర్నాడు ష్ముయెల్ పెళ్లి. ఊరంతా ఆడుతూ పాడుతూ పెళ్లికూతురి ఊరికి తరలివెళ్తే, అక్కడ ప్రార్థనామందిరం దగ్గర నాజీ సైనికులు ఎదురయ్యారు. అందరికీ వేరేచోట నివాసాలు ఇస్తారట. వచ్చినవాళ్లు ఎవరో, ఎక్కడికి తీసుకెళ్తారో ఆ గుంపు మొత్తంలో తెలిసిన మనిషి హన్నా ఒక్కతే. బడిలో చదువుకుంది మరి. అరవై లక్షలమందిని చంపేస్తారని మొత్తుకుంది. నమ్మేదెవరు?

మామూలుగా ఇలాంటి కథల్లో జరగబోయేది తెలిసినవాడే మొనగాడు. ప్రమాదాన్ని ఆపేస్తాడు, పోయినవాళ్లని తిరిగి తెచ్చుకుంటాడు. యోలెన్ ఆ వెసులుబాటు ఇవ్వలేదు. హన్నాకి తెలిసిన చరిత్ర ఒక్కరిని కూడా రైలెక్కకుండా ఆపలేకపోయింది. పైగా శిబిరంలో జుట్టు కత్తిరించేసరికి ఆ తెలిసినది కూడా చెదిరిపోతుంది. అమ్మానాన్నలున్న న్యూరోషెల్ ఓ కలలా అయిపోతుంది. నవలకి అసలు బలం ఇక్కడే ఉంది. తాతయ్య దుఃఖాన్ని బయటినుంచి చూసి విసుక్కున్న పిల్ల, ఇప్పుడు దాని లోపల చిక్కుకుంది.

ఆ శిబిరానికి రచయిత్రి పేరు పెట్టలేదు. చాలా శిబిరాల సంగతులు కలిపి కట్టిన చోటు అది. ఆ మాట పుస్తకం చివర ఆమే చెప్పారు. (చరిత్రలోనైతే ఖైదీల చేతులకి నంబర్లు పొడిచింది ఆష్విట్జ్‌లోనే.) చిన్నపిల్లలు అక్కడ అధికారి కంటపడితే అంతే సంగతులు. అందుకే ఆయన వస్తున్నాడని తెలియగానే పెద్దవాళ్లు నాలుకతో చప్పుడు చేస్తారు. పిల్లలు బట్టలు విప్పేసి చెత్తకుప్పలోకి దూకి దాక్కుంటారు. ఆ పేజీలు చదువుతుంటే మనకి ఊపిరాడదు. ఇవాళ బతికితే ఇవాళ్టికి బతికినట్టు. రేపు బతికితే దానికి ఇంకొకటి కలుపుకోవాలి. ఈ కూడికకే గిట్ల్ సైతాను లెక్క అని పేరు పెట్టింది.

రివ్కా లెక్క

అక్కడ ముందునుంచీ ఉంటున్న పదేళ్ల రివ్కా కొత్తగా వచ్చినవాళ్లకి బతకడం నేర్పుతుంది. ఆ పిల్ల చేతిమీద ఉన్న నంబరు జె18202. దానికి ఆమె చెప్పుకున్న అర్థం వేరే. జె అంటే యూదురాలు. 1 తను, ఒంటరిగా. 8 ఊళ్లో ఉన్నప్పుడు వాళ్లింట్లో ఉన్న మనుషులు. 2 ఇప్పుడు మిగిలినవాళ్లు, తనూ అన్నయ్య వోల్ఫూ. శవాలు మోసే పని వోల్ఫ్‌తో చేయిస్తున్నారు. అందుకే తానొక సున్నా అనుకుంటాడతను. అదీ ఆ 0. చివరి 2... ఇదంతా అయిపోయాక మళ్లీ అన్నాచెల్లెళ్లు ఒక్కచోటికి చేరే రోజు.

ముగింపు చెప్పకుండా ఈ నవల గురించి మాట్లాడటం కష్టం. ఓరోజు లెక్కకి మూడు తలలు తక్కువయ్యాయని సైనికుడు ముగ్గురు ఆడపిల్లల్ని వేరుచేస్తాడు. అందులో రివ్కా ఒకతి. హన్నా చటుక్కున ఆమె తలగుడ్డ లాక్కుని తన తలకి చుట్టుకుంటుంది. పరుగెత్తమని రివ్కాని తరిమేస్తుంది. వాడికి ఎవరైతేనేం, మూడు లెక్క సరిపోతే చాలు. మిగతా ఇద్దరి భుజాల మీద చేతులు వేసి, వాళ్లకి ధైర్యంగా ఏదో కథ చెబుతూ ఆ గది తలుపు దాటుతుంది హన్నా.

అవతల మళ్లీ బ్రాంక్స్. భోజనాల బల్ల, ఎదురుచూస్తున్న ఇంటిల్లిపాది. గతంలో ఏదీ మారలేదు. ఆ ఎనిమిదిమందిలో పోయిన ఆరుగురూ పోయినట్టే ఉన్నారు. తాతయ్య చెల్లెలు ఈవా చేయి బల్లమీద ఉంది. ఇన్నేళ్లూ చూస్తూ ఉన్నా ఏనాడూ చదవని నంబరు. జె18202. హన్నా ఒక్కో అంకెకీ అర్థం చెప్పుకుంటూ పోతుంది. ఈవాకి కాసేపు నోటమాట రాదు. తర్వాత మెల్లగా చెబుతుంది... ఆ రోజుల్లో తనని రివ్కా అనేవారని, అన్నయ్యని వోల్ఫ్ అని. అమెరికా వచ్చాక పేర్లు మార్చుకున్నారట.