పడటం వచ్చిన తరువాతే పట్టు

మన సోలాపురం తెలుగు ఇళ్లలో మగపిల్లవానికి ఏడేండ్లు రాగానే తాలీముకు పంపుదామా, వద్దా అన్న ప్రసక్తి తరచు వస్తుంది. మా ఇంట్లోనూ వచ్చింది. మేము పంపుదామన్నాము. మా అమ్మ, "పసివాడురా నాయనా, వద్దు" అన్నది. ఆమె మాట వినలేదు.

వారం తిరగకముందే ఒక పెద్ద కుర్రవాడు మా చిన్నవాణ్ణి ఎత్తి పడవేసినాడు. వీడు బెదరి వెనుకకు చేయి ఆనించినాడు. మణికట్టు ఎముక విరిగింది. తప్పు కుస్తీది కాదు. పడటం రాని పిల్లవాణ్ణి గోదాలో దించిన పెద్దలది. అందులో మేమూ ఉన్నాము.

ఏడాది తరువాత వాడే మళ్లీ వెళ్తానన్నాడు. ఈసారి ఒక వృద్ధ వస్తాదు దగ్గర చేర్చి, రోజూ పక్కన కూర్చుని చూచినాము. మూడు వారాలు ఆయన వీణ్ణి ఎవరినీ పట్టనీయలేదు.

మొదట గోదా మట్టిని పారతో గుల్ల చేయించేవారు. పిల్లవాడు గొంతుక్కూర్చుని, గడ్డం రొమ్ముకు ఆనించి, వీపు గుండ్రంగా వంచి వెనుకకు దొర్లవలెను. తల నేలకు తగలరాదు. చేతులు రెండు పక్కలా చాపి అరచేయి, ముంజేయి ఒక్కసారిగా నేలను చరచవలెను. వెనుకకు చేయి ఊనరాదు. ఇది బాగా అలవాటైన తరువాతే నిలుచుండి పడటం.

తరువాత నిలకడ. ఒక కాలు కొంచెం ముందుకు, మోకాళ్లు వంచి, నడుము నిటారుగా, తల ఎత్తి నిలవవలెను. కదిలేటప్పుడు కాళ్లు ఒకదాని కొకటి అడ్డుపడరాదు. ఎదుటివాని కాలు పట్టబోయేటప్పుడు కూడా తల దించరాదు. దించితే మెడకు ప్రమాదం. రెండు భుజాలూ నేలకు తగిలితే చిత్తు గనుక, పడిన వెంటనే బోర్లా తిరగటం కూడా మొదట్లోనే నేర్పినారు. దండీలు, బస్కీలు పిల్లవాని ఓపిక కొద్దీ. లెక్కకు పోటీ లేదు.

తల్లిదండ్రులు విచారించవలసినవి కొన్ని ఉన్నవి. సమాన బరువుగల పిల్లలనే జత చేస్తున్నారా? మెడను వంచి నొక్కే పట్లు పసివారికి నేర్పకుండా ఉన్నారా? గోళ్లు తీయిస్తున్నారా? తామర వంటి చర్మవ్యాధి ఉన్నవాణ్ణి నయమయ్యేవరకు దూరంగా ఉంచుతున్నారా? బరువు తగ్గటానికి పస్తులుంచే చోటికి పిల్లలను పంపనే కూడదు.

1952లో హెల్సింకి ఒలింపిక్సులో కాంస్య పతకం తెచ్చిన ఖాశాబా జాధవ్ మన మహారాష్ట్రలోని కరాడ్ దగ్గర పల్లెవాడే. 2016లో రియోలో సాక్షీ మలిక్ కూడా కుస్తీలోనే కాంస్యం గెలిచింది; కనుక ఆడపిల్లలున్న ఇళ్లవారూ ఆలోచించవచ్చును. పతకాల మాట అటుంచి, జారిపడినప్పుడు తల కాపాడుకోవటం ఏ బిడ్డకైనా అక్కరకు వచ్చే విద్య.

మొన్న వానలో మా వాడు అరుగు మీద జారి వెల్లకిల పడినాడు. గడ్డం రొమ్ముకు ఆనించి, చేతులు చరచి, నవ్వుతూ లేచినాడు. మా అమ్మ చూచి ఏమీ అనలేదు. మర్నాడు తెల్లవారుజామున వాని లంగోటి తానే మడిచి చేతికిచ్చింది.