ఉన్ని మూటపై యజమాని పేరు, గొర్రె ఒంటిపై జేగురు గీత

ఆస్ట్రేలియాలో వేల ఎకరాల గొర్రెల ఎస్టేట్‌ను ‘స్టేషన్’ అంటారు. అక్కడి ఉన్ని షెడ్డులోని పాత సామాన్లు ఇప్పుడు మ్యూజియాలకు చేరాయి. వాటిని ఎవరు పట్టుకున్నారు, ఎవరు ఎవరి మీద వాడారు అనేదే మనకు కావాల్సిన ప్రశ్న.

ముందు కత్తెర. ఒకే ఉక్కు పట్టీని వంచి రెండు అలుగులు తీసిన కత్తెర అది. పిడికిట్లో నొక్కితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. సానరాయి మీద పదును పెట్టుకుంటూ రోజంతా నడుం వంచి కత్తిరించాలి. 1892లో క్వీన్స్‌లాండ్‌లోని ఆలిస్ డౌన్స్‌లో జాకీ హౌ అనే కార్మికుడు ఈ కత్తెరతోనే 7 గంటల 40 నిమిషాల్లో 321 గొర్రెల ఉన్ని తీశాడు. యంత్రం అప్పటికే వచ్చేసింది. 1888లో డార్లింగ్ నది దగ్గరి డన్లప్ షెడ్డులో కత్తిరింపంతా యంత్రంతోనే సాగింది. చర్మం తెగితే కార్మికుడు ‘తారు’ అని కేకేసేవాడు. ఓ కుర్రాడు డబ్బాతో పరుగెత్తుకొచ్చి గాయానికి తారు పూసేవాడు.

తీసిన ఉన్నిని పట్టీల బల్ల మీద పరిచి రకాలుగా విడదీస్తారు. సందుల్లోంచి కింద పడిన తుక్కు ఉన్నికీ లెక్క ఉంటుంది. ప్రెస్సులో బిగించిన మూట మీద రేకు అచ్చుతో స్టేషన్ పేరు, ఉన్ని రకం ముద్రిస్తారు: మేలైన ఉన్నికి మూడు ‘ఎ’లు, పొట్ట ఉన్నికి, ముక్కలకు, తుక్కుకు వేరే పొట్టి అక్షరాలు. ఆ గోనె సంచుల జనుము బెంగాల్ రైతు పండించినదే. కత్తిరించినవాడి పేరుగానీ, జనుము పండించినవాడి పేరుగానీ ఆ మూట మీద ఎక్కడా ఉండదు.

కార్మికుణ్ని ఎక్కువగా భయపెట్టిన గుర్తు మాత్రం వేరే ఉంది. అది జేగురు గీత. కూలి నూరు గొర్రెలకింత అని ఇచ్చేవారు. కత్తిరింపు బాగాలేదని మేస్త్రీకి అనిపిస్తే గొర్రె మీద ఎర్రగీత గీసేవాడు. దానికి కూలి లేదు. ఒక్కోచోట ఆ కార్మికుడి దొడ్డిలో ఉన్నవన్నీ లెక్కలోంచి పోయేవి. తీర్పు చెప్పేది, లాభపడేది యజమాని పక్షమే. పైగా 1886లో నూరు గొర్రెలకు 20 షిల్లింగుల కూలిని 17 షిల్లింగుల 6 పెన్నీలకు తగ్గించబోయారు. దాంతో కత్తిరింపు కార్మికుల సంఘం పుట్టింది. జేగురు గీత కూడా వారి పోరాటంలో ఒక అంశమైంది.

అయితే ఆ సంఘం చైనీయులకు, పసిఫిక్ దీవుల కూలీలకు తలుపు మూసింది. బొంబాయి మిల్లుల నేత విభాగంలోకి అంటరానివాళ్లను రానివ్వకపోవడాన్ని 1920ల చివర్లో అంబేడ్కర్ నిలదీసిన సంగతి తెలిసినవారికి ఇది కొత్త కథ కాదు. కార్మికుడు అన్నంత మాత్రాన అందరూ ఒక వరుసలో నిలబడరు.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరాలో మూలవాసులు గొర్రెల స్టేషన్లలో పనిచేసేవారు. చాలామందికి కూలి అంటే పిండి, చక్కెర, టీ, పొగాకు, బట్టలే. పని వదిలి వెళ్లకుండా చట్టమే వారిని కట్టేసింది. 1942లో పెద్దలు సమావేశమై సమ్మె చేయాలనుకున్నారు, యుద్ధం ముగిసేదాకా ఆగారు. చదువు రానివాళ్లకు ఆ రోజు ఎలా తెలియాలి? డూలీ బిన్ బిన్ స్టేషన్ స్టేషన్‌కూ తిరిగి చేత్తో గీసిన క్యాలెండర్లు పంచాడు. రోజుకొక గడి కొట్టేస్తూ పోతే చివరి గడి 1946 మే 1. అది మేడే, కత్తిరింపు సీజన్ మొదలయ్యే రోజు కూడా. వందలాది మంది పని మానేశారు. వాళ్లకు గీతే కాయితం అయింది, ఈసారి గీసింది కార్మికుడే. డూలీని, క్లాన్సీ మెకెన్నాను, వాళ్లకు తోడుగా నిలిచిన తెల్లజాతి కార్మికుడు డాన్ మెక్‌లియోడ్‌ను జైల్లో పెట్టారు.

సమ్మె మూడేళ్లు సాగింది. 1949లో ఓడ కార్మికుల సంఘం పిల్బరా ఉన్నిని ఓడలకెక్కించేది లేదని ప్రకటించింది. అచ్చు వేసిన మూటలు కదలకపోతేగానీ ప్రభుత్వం దిగిరాలేదు. డిమాండ్లు ఒప్పుకుంటామంది, నిషేధం ఎత్తేశాక అలాంటి మాటే ఇవ్వలేదంది. సమ్మెలో ఉన్న చాలామంది పాత యజమానుల దగ్గరికి తిరిగి వెళ్లలేదు. ఖనిజాలు తవ్వి అమ్మిన డబ్బు కూడబెట్టి, యాండియారా లాంటి స్టేషన్లను తామే కొనుక్కున్నారు.